గడప దాటిన పాలు

గురుబరపల్లి,
18-6-2025, బుధవారం.
పొద్దున పాలు పోయించుకోవడం అయ్యాక.

ప్రియమైన భువనకు,

నీ పాత స్నేహితురాలు అంబిక నమస్కారాలు. ఇక్కడ నేను, మా ఆయన, రెండు ఆవులు, మూడు నెలల దూడ బాగానే ఉన్నాం. ఢిల్లీలో నువ్వూ మీవాళ్ళూ బాగున్నారనే అనుకుంటున్నాను. మర్యాద ఇంతవరకే. ఇక కింద రాసేదంతా చదివి నువ్వు కోప్పడతావు. కోప్పడు, కానీ చివరిదాకా చదువు.

మూడేళ్ళ తర్వాత నీ దగ్గర నుంచి నాకు వచ్చింది ఏమిటి? ఒక పీడీఎఫ్. పైన ఎలా ఉన్నావే అని ఒక్క మాటైనా లేదు. హోసూరులో డెయిరీ డిప్లొమా చదివేటప్పుడు ఇద్దరం ఒకే గదిలో ఉన్నామని, నీ జడ నేనే వేసేదాన్నని నీ ఆఫీసు కంప్యూటరుకు ఎలా తెలుస్తుందిలే. ఫోన్ చేద్దామనుకున్నాను. చేస్తే నువ్వు మధ్యలో అడ్డుపడతావు. వాట్సాప్‌లో రాస్తే పంపిన మరుక్షణం తుడిచేస్తాను, నా సంగతి నాకు తెలుసు. అందుకే కాగితం.

నువ్వు పంపిన పత్రం నాలుగుసార్లు చదివాను. నా సెంటర్‌లో తొంభై మంది రైతులు పాలు పోస్తున్నారని, పద్నాలుగు నెలలుగా ఆవుకు వేసిన మందు కలిసిన పాలు ఒక్క చుక్క కూడా కంపెనీ వ్యాను ఎక్కలేదని, పదకొండుసార్లు సెంటర్‌లోనే పట్టుకున్నామని రాశావు. అన్నీ నిజాలే. పేద దేశాల చిన్న రైతులు కూడా అంతర్జాతీయ ప్రమాణం అందుకోగలరనడానికి ఈ సెంటర్ సాక్ష్యమని చివర ఒక వాక్యం. దాని కింద నా పేరు, సంతకానికి ఒక గీత. శుక్రవారం లోపల పంపాలన్నావు. వచ్చే నెల దేశాలన్నీ కూర్చునే సమావేశంలో చదువుతావట. రెండు ఆవులవాళ్ళ పాలు వద్దు, పెద్ద ఫారాల పాలే తీసుకుందామని వాదించేవాళ్ళ నోరు దీనితో మూయించాలట. నీ ఉద్దేశం మంచిదే, కాదనను. సంతకం పెట్టకపోతే మా తొంభై ఇళ్ళ పొట్ట మీద నేనే కొట్టినట్టు. పెడితే ఏమవుతుందో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఇప్పుడే లేచి వెళ్ళి తొట్టిలో నీళ్ళు ఉన్నాయో లేదో చూసి వచ్చాను. నిండుగా ఉన్నాయి. ఇందాక కూడా చూశాను. ఈ ఇరవై రోజులుగా ఇదే వరస, కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. బయట మామిడికాయల లారీలు కృష్ణగిరి వైపు వరుసగా పోతున్నాయి. ఆ హారన్లకు తల పగిలిపోతోంది.

సరే, సంగతికి వస్తాను. నీ ఫారంలో గడులు ఎన్ని? పరీక్షించిన పాలు, పాసైన పాలు, తిరస్కరించిన పాలు. ఆ తర్వాత గడి లేదు. తిరస్కరించిన పాలు ఎక్కడికి పోతాయని మీ సమావేశాల్లో ఒక్కరైనా అడిగారా?

పారబోయాలని రూల్ ఉంది, తెలుసు. నీలం రంగు కలిపి మరీ పారబోయాలి. మూడేళ్ళ కిందట హోసూరు శిక్షణకు పాఠం చెప్పడానికి వచ్చి, నలభై మంది ముందు నన్ను లేపి, రంగు సీసా మూత కూడా తీయలేదేమని నువ్వు నిలదీసింది దీనికే గదా. నువ్వు ఎప్పుడైనా నీ చేతులతో పాలు నేలపాలు చేశావా అని నేను ఎదురడిగి, భోజనం కూడా చేయకుండా బస్సెక్కి వచ్చేశాను. అప్పటి నుంచి మనకు మాటల్లేవు. ఆ రోజు నువ్వు ఇంకో మాట కూడా చెప్పావు. ఎంత కాచినా పాలలోని మందు పోదని. కోపంలో ఉన్న చెవికి అది ఎక్కలేదు.

మా ఊళ్ళ సంగతి నీకు కొత్త కాదు. అమ్మకానికని గడప దాటిన పాలు నిండు క్యానుతో తిరిగి ఇంట్లోకి రాకూడదు. వస్తే ఆవు పొదుగు ఎండిపోతుందని నమ్మకం. అందుకే పరీక్ష స్ట్రిప్ మీద రెండు గీతల్లో ఒకటి కనబడకపోతే, అంటే పాలలో మందు ఉందని తేలితే, ఆ రైతు గొడవ చేయడు, బతిమాలడు. క్యాను నా బల్ల దగ్గర పెట్టి, నువ్వే ఏమైనా చేసుకోమ్మా, ఇంటికి మాత్రం తీసకపోను అంటాడు. పారబోయడానికి నాకు చేయి రాదు. బల్ల కింద మూతకు ఎర్ర గుడ్డ కట్టిన క్యాను ఒకటి పెట్టుకున్నాను. ఆ పాలన్నీ అందులో పోసేదాన్ని.

వాటిని త్రివేణి తీసుకెళ్ళేది. త్రివేణి ఎవరంటే, కృష్ణగిరి దారిలో ఉన్న రాళ్ళ క్వారీలో పనిచేసే మనిషి. భర్తకు అక్కడే పని. నాలుగేళ్ళ కూతురు ఉంది, పేరు పవిత్ర. ఏడాది కిందట ఆ పిల్లకు పాలు కావాలని గిన్నె పట్టుకుని సెంటర్‌కు వచ్చింది. అర లీటరు కొనడానికి కూడా ఆలోచించే మనిషి. ఎర్ర గుడ్డ క్యాను ఉన్న రోజుల్లో ఊరికే పోసి, బాగా కాచి తాపు అని చెప్పి పంపేదాన్ని. కాస్తే అన్నీ పోతాయనే నమ్మాను. పుణ్యం చేస్తున్నానని కూడా అనుకున్నాను, అది దాచను. ఆమె కొంచెం తనకు ఉంచుకుని మిగతాది పక్క గుడిసెల పిల్లలకు పంచేది.

అంటే చూడు. లీటరు పాలలో నాలుగు మైక్రోగ్రాముల పెన్సిలిన్ కంటే ఎక్కువ ఉండకూడదని నువ్వే హోసూరులో బోర్డు మీద రాశావు. ఓడెక్కి పరదేశం పోయే పాలపొడికి ఆ కొలత. ఎక్కడో ముక్కూ ముఖం తెలియని బిడ్డ తాగే పాలకు ఆ కొలత. ఆ కొలతకు ఆగని పాలన్నీ మా క్వారీ పిల్లల కడుపులోకి. మేము ఎంత శ్రద్ధగా పట్టుకుంటే వాళ్ళకు అంత ఎక్కువ పాలు. నా సెంటర్ ఆదర్శ సెంటర్ అయింది ఇలాగే భువనా.

మే ఇరవై తొమ్మిది, గురువారం. పొద్దున పుట్టమ్మ పాలు పట్టుబడ్డాయి. పుట్టమ్మ అంటే ఏటిగడ్డ పక్క ఉండే ముసలామె, ఒక్కటే ఆవు. నా ఆవుకు మందే ఎయ్యలేదు తల్లీ, యాడనుంచి వస్తుంది మందు అని అంది. పట్టుబడిన వాళ్ళందరూ అదే అంటారు. పోయినేడు ఆ ఆవుకు పొదుగు వాపు వచ్చింది గదా, మళ్ళీ వచ్చి ఉంటుంది. రూల్ ప్రకారం బోర్డు మీద ఆమె పేరు రాసి, నెల రోజులు పాలు తేవద్దని చెప్పాను. ఆ పాలు ఎర్ర గుడ్డ క్యానులో పోశాను. త్రివేణి వచ్చి పట్టుకుపోయింది.

మధ్యాహ్నం.

అన్నం తినడానికి లేచాను, తినలేదు. మా ఆయన అడిగాడు, ఏందే ఈ నడుమ సరిగ్గా తినేదే లేదు అని. ఎండ అన్నాను.

ఆ గురువారం పది గంటలకల్లా పవిత్ర ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. పెదాలు ఉబ్బిపోయాయి, ఊపిరి ఆడక ఈలలాంటి చప్పుడు. క్వారీ జీపులో కృష్ణగిరి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. సాయంత్రం తెలిసి నేనూ పరుగెత్తాను. లోపల డాక్టరు త్రివేణిని మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడు, బిడ్డకు ఏం మందు ఇచ్చినారు, మాత్ర ఏమైనా, సూదిమందు ఏమైనా అని. ఈ పొద్దు ఏమీ ఇవ్వలేదు సార్, వట్టి పాలే తాగింది అని ఆమె ఏడుస్తోంది. పోయినేడు జ్వరానికి సూదిమందు వేయిస్తే కూడా కొంచెం దద్దుర్లు వచ్చాయట, ఆ మందు పేరు ఆమెకు తెలియదు. డాక్టరు చీటీలో కారణం అన్నచోట ఒక ప్రశ్న గుర్తు పెట్టాడు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. చేతిలో బిస్కట్ ప్యాకెట్టు. దాన్ని బయట బల్ల మీద పెట్టి వచ్చేశాను.

పిల్ల బతికింది. మూడు రోజులకు ఇంటికి వచ్చింది. మరి నాకు నిద్ర ఎందుకు పట్టదంటావా? ఈ నెలో వచ్చే నెలో మళ్ళీ దగ్గు వస్తుంది, జ్వరం వస్తుంది. ఊళ్ళో ఎవరో ఒకరు అదే జాతి మందు సూదిలో ఎక్కిస్తారు. ఆ రోజు జీపు దొరక్కపోతే? ఆ బిడ్డకు ఏది పడదో చెప్పగలిగినది ఈ లోకంలో నేనొక్కదాన్నే. చెప్పకుండా ఆదర్శ సెంటర్ బల్ల ముందు కూర్చుని పేరు పేరునా నమస్కారాలు పెడుతున్నాను.

త్రివేణి మొన్న మళ్ళీ గిన్నె పట్టుకుని వచ్చింది. ఆ క్యాను తీసేశానని చెప్పాను. ఎందుకమ్మా అని అడిగింది. కంపెనీవాళ్ళు వద్దన్నారని అన్నాను. చెప్పేస్తే ఎవరి పాలు అని అడుగుతుంది గదా, పుట్టమ్మ గుడిసె మీదికి క్వారీ జనమంతా వస్తే ఆ ముసలామె ఏమైపోతుందని వెనకాడాను. పైగా ఏ మందో పుట్టమ్మ చెప్పదు, వెయ్యనే లేదంటుంది. పేరు తెలియకుండా డాక్టరుకు ఏం చెప్పేది?

నీ పత్రం మీద ఇంకా సంతకం పెట్టలేదు. నాకు ఒక్కటి చేసి పెట్టు. తిరస్కరించిన పాలు ఏమయ్యాయి అనే గడి ఒకటి మీ ఫారంలో పెట్టించు. పారబోయమని రాస్తే చాలదు, మా జనం పారబోయరు. వాటికి ఎవరైనా డబ్బు కట్టి, కళ్ళ ముందే రంగు కలిపి తీసుకుపోవాలి. చిన్న రైతుకు మందు ధర తెలుసు, మందు వేశాక పాలు అమ్మకుండా ఆగాల్సిన రోజులు తెలియవు. పశువుల డాక్టరు ఊరికి రాడు, మందుల షాపువాడు ట్యూబు చేతిలో పెడతాడు. ఇవన్నీ నువ్వు అక్కడ చెబితే సంతకం పెడతాను. త్రివేణికి రేపు చెబుతాను. రేపు కాకపోతే ఆదివారం తప్పకుండా చెబుతాను.

కోపం తగ్గితే జవాబు రాయి. తగ్గకపోయినా రాయి.

ఇట్లు,
ఒకప్పుడు నీ జడ వేసిన
అంబిక

తా.క.: సాయంత్రం ఏడున్నర అయింది. కవరు అంటించి పోస్టు చేద్దామని మధ్యాహ్నమే కృష్ణగిరి బస్సెక్కాను. క్వారీ దగ్గర దిగిపోయాను. కవరు చింపి మళ్ళీ రాస్తున్నాను.

పైన పుట్టమ్మ ఆవు అని రాసినచోటల్లా నా ఆవు అని చదువుకో. పొదుగు వాపు వచ్చింది మా పెద్దావుకు. మే ఇరవై ఐదు ఆదివారం షాపులో మందు ట్యూబు కొని నేనే పొదుగులోకి ఎక్కించాను. ఐదు రోజులు ఆగాలి, నాలుగు రోజులకే పాలు తెచ్చాను. తొంభై మందికి రోజులు లెక్కపెట్టి చెప్పేదాన్ని, నా ఆవు దగ్గరికి వచ్చేసరికి ఏమీ కాదులే అనుకున్నాను. నా పాలే ముందు పరీక్ష చేశాను. గీత పోయింది. అప్పుడే కంపెనీ వ్యాను తోలే సెల్వం లోపలికి వచ్చి, స్ట్రిప్ చూసి, ఎవరి పాలు అని తమిళంలో అడిగాడు. ఎదురుగా పుట్టమ్మ నిలబడి ఉంది. ఆమె పేరు చెప్పాను. ఆమె మంచి పాలు కూడా నా పాలతోపాటు ఆ ఎర్ర గుడ్డ క్యానులోనే పోశాను. ఇరవై రోజులుగా ఆమె పేరు బోర్డు మీద ఉంది. ఆమెకు చదువు రాదు, అందుకే అంత సులభంగా రాయగలిగాను.

ట్యూబు పెట్టె నా సంచిలోనే ఉంది. త్రివేణికి అంతా చెప్పి, ఆమె ఎదుటే ఆసుపత్రికి ఫోన్ చేసి, డాక్టరుకు దాని మీద పేరు అక్షరం అక్షరం చదివాను. పిల్లను చీటీతో సహా తీసుకురమ్మన్నాడు, రేపు తీసుకెళుతున్నాను. త్రివేణి నన్ను తిట్టలేదు. ఆ పేరు మూడుసార్లు చెప్పించుకుంది, తర్వాత పవిత్ర చేత కూడా పలికించింది. ఇంక మీ పాలు మాకొద్దు అని మాత్రం అంది.

సాయంత్రం పాలకు జనం వచ్చేలోపల బోర్డు తుడిచి నా పేరు రాశాను. సెల్వానికి చెప్పాను. కంపెనీ నన్ను ఉంచుతుందో తీసేస్తుందో తెలియదు. సంతకం పెట్టిన నీ పత్రం ఇందులోనే ఉంది. ఈ ఉత్తరం కూడా జతచేస్తేనే దాన్ని చదువు, లేకపోతే రెండూ చించెయ్.

పుట్టమ్మ ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. పొయ్యిలోకి పుల్లలు ఎగదోస్తూ ఆమె విన్నది. తర్వాత ఒక్క మాట అడిగింది. అట్లయితే రేపు పొద్దున నేను పాలు తీసుకొని రావచ్చునా అమ్మా, అని.