నీళ్ళు చిమ్మని మోటారు

ఏటిగడ్డ రేవు,
హుజూర్‌నగర్ తాలూకా.
12-11-1961

చిరంజీవి దశరథానికి అమ్మ దీవెనలతో రాస్తున్న సంగతులు. ఇంట్లో మనుషులందరం బాగున్నాం, బాగాలేనిది మన పడవ మోటారు ఒక్కటే. అరుణమ్మ ఏరు దాటి పుట్టింటికి చేరిందా అని అడిగావు. నీ భార్య క్షేమమే. ఎట్లా చేరిందో చివర్లో రాస్తాను. ముందే కాగితం తిప్పి చూడకు, వరుసగా చదివితేనే తెలుస్తుంది.

మీ నాయిన మోకాలి నొప్పి తగ్గింది. నువ్వు బొంబాయి నుంచి పంపిన నూనె గుణం అని ఆయన అంటున్నారు. పడవ నడవక ఇంట్లో కాళ్ళు చాపుకొని కూర్చున్న గుణం అని నా లెక్క.

"మోటారు వేడెక్కితే పోచయ్యకు చూపించండి, అతను చూసుకుంటాడు" అని రాశావు. చూపించాం, చూశాడు. చూడడంలో అతనికి సాటి లేరు. చాయ తాగుతూ ఒకసారి, బీడీ కాలుస్తూ ఒకసారి చూసి, ప్లగ్గు మార్చి వెళ్ళాడు. మళ్ళీ వచ్చి నూనె మార్చాడు. మూడోసారి పెట్రోలులో కల్తీ ఉందన్నాడు. బావుల మీది ఆయిలింజన్లు బాగుచేయడం తప్ప ఇంకేమీ ఎరగని మనిషి, తెలియదని ఒప్పుకుంటే అతని సొమ్మేం పోతుంది?

రోగం ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. ఈ మోటారు కాలు ఏట్లో మునిగి ఉంటుంది. కాలి దగ్గరి జల్లెడలోంచి నీళ్ళు పైకెక్కి, దాని ఒళ్ళు చల్లార్చి, పక్కనున్న చిన్న బెజ్జంలోంచి బయటికి చిమ్మాలి. కొన్ననాడు ఆ ధార నా చిటికెన వేలంత లావుండేది. దసరాకు మీ నాయిన మోటారును వాకిట్లో బల్లకు బిగించి పూజ చేశారు. పసుపు ముద్ద కలిపి జల్లెడకూ పూశారు, బెజ్జానికీ పూశారు. భక్తి అనుకొని ఊరుకున్నాను. తర్వాత మీ చిన్నాయన చుట్టాలకు చప్పుడు వినిపించాలని అక్కడే, చుక్క నీళ్ళు లేకుండా దాన్ని నడిపించాడు.

"పొడిగ నడిపిస్తే లోపల కాలదా?" అన్నాను.

"గిది మోటరు వదినె, నీ పప్పుకుండ గాదు అడుగంటనీకి!" అన్నాడు. చుట్టాలు పడీపడీ నవ్వారు.

కాసేపటికి వాకిలంతా కాలిన రబ్బరు కంపు. మీ నాయిన అది ధూపం వాసన అన్నారు.

ఆనాటి నుంచి ధార నూలుపోగంత అయింది. మోటారు పెనంలా కాగి, కొంత దూరం పోయి ఆగిపోతుంది. నేనే చీపురుపుల్లతో బెజ్జం పొడిచాను, గట్టిపడిన పసుపు రాలింది. జల్లెడ కడిగాను. అయినా ధార లావు కాలేదు. నీళ్ళు పోయే దారి బాగుంది, వచ్చే దారి బాగుంది. ఇక చెడింది నడుమ నీళ్ళను నెట్టేదే కదా? అదొక రబ్బరు చక్రం. మోటారు అమ్మినతను కింది డబ్బా విప్పి దాన్ని చూపించాడు. అప్పుడు మీ నాయిన, చిన్నాయన, పోచయ్య ముగ్గురూ అక్కడే ఉన్నారు. చూసింది మాత్రం చాయ ఇవ్వడానికి వెళ్ళిన నేనొక్కదాన్నే.

పోచయ్యకు చెబితే, "గా డబ్బ ముట్టద్దమ్మా, కంపినీ బిగింపది. ఇప్పితే మల్ల కూసోదు" అన్నాడు. విప్పడం చేతకాదనడానికి ఎంత చక్కని మాట!

పోయిన వారం జొన్న బస్తాలతో, మనుషులతో నడి ఏట్లో ఆగింది. పడవలో తెడ్లు లేవు. మోటారుకు తెడ్లెందుకని మీ చిన్నాయన అటక మీద పడేశాడు. పడవ ఏటి దిగువనున్న బండల దిక్కు కొట్టుకుపోతుంటే, తెడ్డుపడవ నడిపే పెద్దులు వచ్చి తాడు కట్టి లాక్కొచ్చాడు. మీ నాయిన పెద్దులుకు దండం కూడా పెట్టలేదు. ఇంటికొచ్చి, ఎల్లుండి మంచిరోజు, అరుణమ్మను అదే పడవలో పంపుదాం అన్నారు.

"నిండు చూలాలిని గా పడవల ఎక్కిస్తవా?" అన్నాను.

"మోటరు పెట్టుకొని కోడల్ని తెడ్డుపడవల తోలితే వియ్యంకులు నవ్వరా?"

"పిల్ల మునిగితె ఏడుస్తరు. గది నయమా?"

"నువ్ పొయికాడి సంగతి చూస్కోరాదు. పోచయ్య రేపొచ్చి బాగుజేస్తడు."

ఇప్పుడు నీతో చెప్పవలసింది చెబుతాను. మరునాడు పగలు ముగ్గురూ తిని, వాకిట్లో బోర్లా పడి గురక పెడుతుంటే, నేను రేవుకు వెళ్ళి మోటారు కింది డబ్బా విప్పాను. పోచయ్య పానాలతోనే విప్పాను, అవి అతనికంటే నాకే ఎక్కువ పనికొచ్చాయి. చక్రానికి సగం రెక్కలు కాలి విరిగిపోయాయి. దాన్ని కొంగున ముడేసుకొని, డబ్బా మళ్ళీ బిగించి వచ్చాను. అది చక్కగా కూర్చుంది.

తెల్లారి రేవులో మోటారు తిప్పారు. బెజ్జంలోంచి చుక్క రాలేదు. "నీళ్ళు చిమ్మందే పిల్లనెక్కనియ్య" అని అరుణమ్మ చెయ్యి పట్టుకొని ఒడ్డున నిలబడ్డాను. మంచి గడియ దాటిపోతోంది. ఆ గడియకు జడిసినంత మీ నాయిన ఏటికి జడవరు. నేను నమ్ముకున్నది అదే.

పెద్దులు తన పడవలోంచి, "ఏం పటేలా, మోటరుకు ఇయ్యాల గూడ ఉపాసమా?" అన్నాడు. మీ నాయిన అరుణమ్మ పెట్టె తీసి అతని పడవలో పెట్టించారు. నేనూ తోడు వెళ్ళి అరుణమ్మను వాళ్ళమ్మకు అప్పజెప్పి వచ్చాను. ఆమె పాదాలు కూడా తడవలేదు.

ఆనాటి నుంచి ముగ్గురూ మోటారు చుట్టూ కూర్చొని నీళ్ళెందుకు రావడం లేదని ఆలోచిస్తున్నారు. చక్రమే లేని సంగతి ఇంతవరకు ఒక్కరికీ తట్టలేదు. నిన్న పోచయ్య దిష్టి తగిలిందన్నాడు. నన్నే నిమ్మకాయలు అడిగారు, ఇచ్చాను.

ఆ చక్రాన్ని గుడ్డలో చుట్టి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. బొంబాయిలో అదే కొలతది ఒకటి కొను. కొని నీ దగ్గరే ఉంచు, తొందరపడి పంపకు. అరుణమ్మ బిడ్డనెత్తుకొని ఏరు దాటి తిరిగి రావాలి. అందాకా పెద్దులు తెడ్డు ఉంది, వీళ్ళకు నిమ్మకాయలున్నాయి.

ఇట్లు,
నీ రాకకు ఎదురుచూసే
మీ అమ్మ