మూడో చీటీ యాదమ్మకిచ్చిన సంగతి

తమ్ముడు సాయిలుకు, లక్డారం కాడి గుడిసెల నుండి అక్క ఎల్లవ్వ దీవించి రాసేది. నువ్వు, మరదలు, పిల్లలు పాణం మంచిగున్నరా? నీ మోకాలు నొప్పి తగ్గిందా? చిన్నాయిన అన్నం తింటున్నడా? ఇక్కడ మేమంత మంచిగున్నమని రాయాలె. గని చెయ్యి వస్తలేదు.

ఎప్పుడు దుకాణపాయనతోని రాయిస్త, నీకెరుకే. ఈసారి నేనే రాస్తున్న. నువ్వు బడికి పోయే దినాలల్ల నీ పలక మీద నేర్చుకున్న అక్షరాలే ఇవి. వంకర పోతే తిట్టుకోకు. ఈ సంగతి ఇంకొకరి చెవుల పడొద్దు.

మల్లేశంకు ఆడపిల్ల పుట్టింది. ఇయ్యాలటికి పన్నెండు దినాలు. కోడలు లక్ష్మి లేచి తిరుగుతున్నది. పిల్లకే దమ్ము గురగుర అంటున్నది. వాన ఎడతెగుతలేదు తమ్మీ. ఎండకాలం గుడిసెలు కాలినయని రాయించిన గదా, అప్పటి సంది గోనె సంచులు, తాటాకులు కప్పుకొని ఉంటున్నం. ఒక మూలకు జరిగితే ఇంకో మూల కారుతది. పిల్లను నా ఒడిల పెట్టుకొని నా వీపు మీద వాన పడనిస్తున్న. గాలి ఇటు మళ్లితే ఫ్యాక్టరీ వాసన. అప్పుడు పిల్ల ఇంక దగ్గుతది. దవాఖానకు తీస్కపోయినం, మందిచ్చిన్రు. "పొడి జాగల ఉంచాలె" అన్నడు డాక్టరు. పొడి జాగ యాడిది?

ఉండె తమ్మీ. నేనే పోగొట్టిన. అదే రాద్దామని కూసున్న.

గుడిసెలు కాలినంక పరదేశం నుండి తెల్ల పిల్లలు వచ్చిన్రు, మాకు ఇండ్లు కట్టెటందుకు. జీతం లేదు, కూలి లేదు. ఊరికెనే వచ్చిన్రు. వాళ్ల మాట మాకు, మా మాట వాళ్లకు చెప్పెటందుకు నర్సింలు సారు ఉండె. ఒకటే కట్టడి: ఇల్లు ఎవరిదైతే ఆ ఇంటోళ్లు గూడ మన్ను మొయ్యాలె, పక్కోళ్ల ఇంటికి గూడ మొయ్యాలె. నేను గూడ మోసిన. నా ఎనక గంప పట్టుకొని రూతు అని ఒక పిల్ల నడుస్తుండె. ఎండకు మూతి మిరపపండు లెక్క అయిపోయేది. ఆడోళ్లంత నవ్వుదురు. "ఏందే పిల్లా, పెండ్లి చేసుకొని ఇంట్ల కూసోక మా మన్ను మోస్తున్నవేంది? మీ అవ్వ ఎట్ల పంపింది?" అని నేనడిగిన. నర్సింలు సారు చెప్తే అది నవ్వి, "మా అమ్మ నీ లెక్కనే, ఒకటే పరేషాన్ అయితది" అన్నది. పగటాల ఇటుకల మీద కూసోని వాళ్లమ్మకు ఉత్తరం రాసేది. నన్ను గూడ "అవ్వా" అనేది.

ఎవరి ఇల్లు ముందు అని చీటీలు తీసిన్రు. మాది మూడోది. మల్లేశం ఎంత సంబరపడ్డడో! అప్పటికి లక్ష్మికి ఏడో నెల.

మన అవ్వ చెప్పిన మాట నీకు యాదికుందా? ఇంట్ల కడుపుతోని మనిషుంటే పునాది తవ్వొద్దు, గుంజ పాతొద్దు, కడుపుకు కీడు అని. మల్లేశంకు చెప్తే, "అవ్వా, ఫ్యాక్టరీల మిషన్లు నడిపెటోనికి గీ ముచ్చట్లు చెప్తవా?" అని నవ్విండు. వాడు డ్యూటీకి పోయినంక నేనే పోయిన. "సారూ, మాది ఇప్పుడొద్దు. కానుపు అయినంక కట్టుండ్రి. మా నంబరు యాదమ్మకియ్యి, ఆమెది ఆఖరుది మేం తీసుకుంటం" అన్న. యాదమ్మ మా పక్క గుడిసెల ఉండె, మొగడు లేని మనిషి. రూతు మూడుసార్లు అడిగింది, "ఆఖరి దాకా మేముంటమో లేదో తెల్వదవ్వా, మంచిగ ఆలోచించు" అని. నేను కాగితం మీద పేరు రాసిచ్చిన. సదువొచ్చినదాన్ని గదా.

ఇగ ఏం రాయాలె. సిమెంటు దొరకకుంటైంది, మన దేశంల ఉండెటందుకు వాళ్లకిచ్చిన కాగితాల గడువు అయిపోయింది. మా వంతుకు ముంగటి ఇంటికాడికొచ్చి పని ఆగింది.

మల్లేశం "మన నంబరు ఎట్ల మారింది?" అని నిలదీసిండు. నా నోట్లకెళ్లి ఎట్లొచ్చిందో, "వాళ్లే మార్చిన్రు బిడ్డా" అన్న. వాడు ఉరికిండు. వాళ్లు సామాను సదురుకుంటున్నరు. "గరీబోళ్ల నోట్లె మన్ను కొట్టెటందుకు గింత దూరం వచ్చిన్రా?" అని అందరి ముంగట ఆ పిల్లను తిట్టిండు. నర్సింలు సారు నోరు తెరవబోతే ఆ పిల్ల ఆయన అంగీ చెయ్యి పట్టి ఆపింది. నా దిక్కు చూసింది. సంచి భుజానేసుకున్నది. పోయింది. వాళ్లమ్మకు ఆ దినం ఏమని రాసిందో.

యాదమ్మ దినాం వస్తది. "అక్కా, నా ఇల్లు పొడిగున్నది, తల్లిని పిల్లను తోలు" అంటది. మల్లేశం వినడు. "మన ఇల్లు గుంజుకున్నదాని గడప తొక్కితే నా మీద ఒట్టు" అంటడు. లక్ష్మి ఏడుస్తది. పది అడుగుల అవతల పొడి జాగ ఉన్నది తమ్మీ. మధ్యల నా అబద్ధం అడ్డం పండుకున్నది. చెప్తే వాడు నా మొఖం చూడడు. చెప్పకుంటే పిల్ల దమ్ము...

ఇంకొకటి. రాత్రి యాదికొచ్చింది. నువ్వు అవ్వ కడుపుల ఉన్ననాడు గాదా బాపు తూర్పు దిక్కు అర్ర కట్టింది? నేను చిన్న గంపతోని మన్ను మోసిన. అవ్వ గోడ పక్కన నడుము పట్టుకొని నిలబడి, "జల్దీ తేవే ఎల్లీ, మన్ను ఎండిపోతున్నది" అని అరిచింది. ఆమె కడుపు ఇంత ఉండె. నువ్వు ఆ అర్రలనే పుట్టినవ్. నీకేం కాలే. మనుమలను గూడ ఎత్తుకున్నవ్. మరి అవ్వ మనకు ఆ మాట ఎందుకు చెప్పింది? నేను తప్పు యాది పెట్టుకున్ననా?

జోగిపేట బస్సుల ఎవరన్న వస్తే ఇంత వాము, మరదలి పాత మెత్తటి చీర ఒకటి పంపు, పిల్లకు చుట్టెటందుకు. మల్లేశం సైరన్ కూసినంక వస్తడు. ఇయ్యాల చెప్త. నిన్న గూడ ఇయ్యాల చెప్త అనుకున్న.

మరదలికి, పిల్లలకు నా దీవెనలు. చిన్నాయిన కాళ్లకు నా దండం పెట్టి, పిల్ల బతకాలని దీవించమను. ఆ అర్ర గోడ ఎప్పుడు లేసిందో గూడ ఆయనను అడుగు. నువ్వు పుట్టినంక లేసిందంటే నాకు ఉత్తరం రాయి. ముందే లేసిందంటే నేను వట్టి మాటకే ఇల్లు పోగొట్టినట్టు; ఏం రాయకు, నువ్వే బయలెల్లి రా.

నీ అక్క
ఎల్లవ్వ