అన్నయ్య కట్టిన కట్టు

బుజ్జీ, నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు. మీ అన్నయ్య పోయాక వాడి కారు నీకు కూడా ఇవ్వనని దెబ్బలాడాను కదా. రోజూ తలుపులు వేసుకుని అందులో కూర్చునేదాన్ని. పెట్రోలు వాసన వస్తుంటే వాడి చొక్కా వాసనే అనుకున్నాను. పక్కింటి వదిన పోరు పెట్టి నిన్న మెకానిక్కును పిలిపించింది. వెనక చక్రం విప్పి చూసి కేకలేశాడు.

"పెట్రోలు పోసే గొట్టం తుప్పు తినేసిందమ్మా! అగ్గిపుల్ల గీస్తే మీరూ కారూ కలిసి పోయేవారు."

చిల్లు మీద నా పాత చీర పేలిక చుట్టి, తీగతో బిగించి ఉంది.

"ఈ కట్టు కట్టిన డాక్టరెవరు?" అన్నాడు.

"మా పెద్దాడే నాయనా" అన్నాను. ఇద్దరం నవ్వాము. వాడు పోయాక నవ్వడం ఇదే మొదలు.

మెకానిక్కు కొత్త గొట్టం వేశాడు. ట్యాంకు నిండా పోయించి, కింద పేపరు పరిచి పూటంతా కాపలా కాశాను. చుక్క పడలేదు. వాసనా పోయింది. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదే.

పేలిక నేనుంచుకున్నాను. కారు నువ్వు తీసుకో. సెలవు దొరగ్గానే వచ్చి తోలుకుపో, నన్నూ ఎక్కించుకో. నీ దగ్గు తగ్గిందా? నా కళ్ళజోడు నీ సంచిలో వచ్చిందేమో చూడు. పనిలో పడి మాడకు తల్లీ, వేళకు కడుపునిండా తిను.