వంగని కర్ర

దిల్‌సుఖ్‌నగర్,
సెప్టెంబర్ 2011

అత్తమ్మకు, మాలతి నమస్కరించి రాసేది.

ఫోన్ చేస్తే ఆయన పక్కనే ఉంటారు, అందుకే ఉత్తరం. సకల జనుల సమ్మెతో బట్టల దుకాణం మూసి, ఆయన ఇంట్లోనే ఉన్నారు. బల్ల మీద రంగు బంతులను కర్రతో పొడిచే పూల్ ఆట ఉంది కదా, పోయిన ఏడాది ఆ కర్రలు మూడు కొన్నారు. అడిగినట్టు చేత్తో చేసి ఇచ్చినవట, ఎన్నేళ్ళైనా వంగవట. వాటితో ఆడరు. ఎందుకంటే, "ఆడితే ధర పడిపోతది. ఇది పెట్టుబడి, నీకు తెల్వదు" అన్నారు. ఒకటి అమ్మగానే నాకు కుట్టుమిషన్ కొంటారట. వాడని వస్తువుకు విలువ ఎట్లా పెరుగుతుందో తెలుసుకోవాలని ఉంది.

మీ కోడలు
మాలతి

తా.క.: ఆ కర్రలకు మఖమల్ సంచులున్నాయి. మా దిండ్లకు గలీబులు లేవు.

---

పోచంపల్లి

బిడ్డ మాలతికి భూలక్ష్మి దీవెనలు.

నేను చెప్తున్న, మీ మామ రాస్తుండు. ఈ బంద్‌లల్ల ఇంట్ల మూడు కట్టెలుంటే ఆటకని పోలీసులు నమ్ముతరా? జర అటకెక్కించు. ఇగ పెట్టుబడా, మోజా తెల్వాలంటే కొనెటోన్ని ఇంటికి పిలువు. పెట్టుబడైతే మావోడు చాయ్ పెట్టమంటడు. మోజైతే కడుపునొప్పంటడు.

నీ మేలు కోరే
అత్తమ్మ

తా.క.: ఇది నా సొంత మాట. అమ్మా, గా కట్టె నిజంగ వంగదా? వంగకుంటే నా మగ్గానికొకటి పంపు. మీ అత్తమ్మకు చెప్పకు. – శంకరయ్య

---

దిల్‌సుఖ్‌నగర్

అత్తమ్మకు నమస్కారాలు.

ఇంటి ఓనర్ లలితకుమారి గారి తమ్ముడు వెంకటేశ్వరరావు గారు ఎల్బీనగర్‌లో పూల్ బల్లలు నడుపుతారు. ఎట్లాగో నోరు తెరిచి ఆమెను అడిగాను. ఆయన వచ్చి ఒక కర్ర చూసి, "ఎంత బాగుందండీ, ఇచ్చేస్తారా?" అని, కొన్నదానికన్నా ఎక్కువే చెప్పారు. మీ అబ్బాయి చాయ్ పెట్టమన్నారు. చాయ్ వచ్చేసరికి, "వద్దు సార్, అది జర వంగింది. మిమ్మల్ని మోసం చెయ్య" అన్నారు.

తరువాత నేను దాన్ని నేల మీద దొర్లించి చూశాను. ఎక్కడా ఎగరకుండా పోయింది. పిడి మీద నల్ల చెక్కలో తెల్ల చెక్క చౌకాలు పొదిగారు. అతుకు కోసం గోటితో వెతికాను, దొరకలేదు. మన చీరల్లోనైనా ఎక్కడో ఒక పోగు తప్పుతుంది కదా.

ఇట్లు, ఏమీ అర్థంకాని
మాలతి

తా.క.: మామయ్యా, ఇది పైకి చదవకండి. కర్ర పంపలేను, ఆయన రోజూ తీసి చూసుకుంటారు.

---

పోచంపల్లి

బిడ్డా,

వంగిందన్నడా? అయితే మోజే. మోజు తప్పు కాదు, నీకు మిషన్ ఇయ్యకపోవుడు తప్పు. వాడు దుకాణానికి పోయినంక నువ్వే అమ్మెయ్. అత్తమ్మ చెప్పిందను. సిగ్గుపడుకుంట కూసుంటే మిషన్ నడుచుకుంట రాదు.

నీ దిక్కే ఉన్న
అత్తమ్మ

తా.క.: నేను నేసిన మొదటి చీర మీ అత్తమ్మ పెట్టెలనే ఉన్నది. కట్టదు, అమ్మదు. అడిగితే ధర పెరుగుతదంటది. – శంకరయ్య

---

దిల్‌సుఖ్‌నగర్

అత్తమ్మకు నమస్కారాలు.

సమ్మె అయి దుకాణం తెరిచారు. మీరు చెప్పినట్టే వెంకటేశ్వరరావు గారికి కబురు పంపాను. పోయినసారి కన్నా మంచి ధర చెప్పారు. కర్రను కంటి దగ్గర పెట్టుకుని చూసి, "ఇదేం వంగలేదమ్మా, మీవారు పొరబడ్డారు" అన్నారు. ఆయన దాన్ని సంచిలో పెడుతుంటే నాకు కడుపులో నొప్పి మొదలైంది.

బయటివాళ్ళతో గట్టిగా మాట్లాడటం నాకు అదే మొదలు. "లేదన్నా, వంగింది. తక్కిన రెండూ కూడా వంగినయి" అన్నాను.

అతుకు ఇంకా దొరకలేదు.

మన్నించమని అడిగే
మాలతి

తా.క.: దిండ్ల గలీబులు చేత్తోనే కుట్టాను. మిగిలిన గుడ్డతో, ఇంకా కొనని నాలుగో కర్రకు సంచి కుట్టి పెట్టాను.