సున్నా చూసి తీసేసిన ఇండెక్స్

నవంబరు 2007, మంగళవారం రాత్రి

మనిషి పేరు కొడితే ఏ బోటులో వేటకెళ్లాడో వెంటనే చూపించడానికి హార్బర్ ఆఫీసు డేటాబేస్‌లో ఒక ఇండెక్స్ ఉండేది. దాన్ని ఎన్నిసార్లు వాడారో సర్వరు వేసుకునే లెక్కలో సున్నా కనిపించిందని పోయిన వారం నేనే తీసేశాను.

ఈ ఉదయం తుఫాను హెచ్చరిక వచ్చింది. మత్స్యకారుల ఆడవాళ్లంతా కౌంటరు దగ్గరికొచ్చేశారు. నూకాలు అనే ఆవిడ, "ఏ బోటెక్కినాడో తెల్దు బాబూ, మా ఇంటాయన పేరు సూడు" అంది. పేరు కొట్టాం. తెర కదల్లేదు.

కౌంటర్లో ఉన్న అప్పలరాజు నావైపు తిరిగి, "ఏటి బావా, పోయిన తుఫానుకి టక్కున సెప్పీసింది గదా!" అన్నాడు.

అప్పుడు ఇండెక్స్ వాడి ఉంటే మరి లెక్కలో సున్నా ఎందుకుంది?

ఇండెక్స్ మళ్లీ పెట్టి, నూకాలు భర్త బోటు నంబరు తీసేసరికి గంట పోయింది. తర్వాత పేర్లన్నీ చకచకా వచ్చాయి. ఇండెక్స్ వాడిన లెక్క నలభై దాటింది. సాయంత్రం గాలికి కరెంటు పోయి సర్వరు ఆగింది. మళ్లీ ఆన్ చేసి చూస్తే సున్నా. సర్వరు ఆగితే ఆ లెక్క చెరిగిపోతుందని చదివినవాణ్ణే. తుఫానొస్తేనే వాడే ఇండెక్స్ అది. ఆ తుఫానే లెక్క తుడిచేస్తుంది. నాకెందుకు తట్టలేదు?

పొద్దున నూకాలు భర్త బోటు వైర్‌లెస్‌లో పక్కబోటుతో మాట్లాడిందట. మేం పిలిచేసరికి పలకలేదు. ఇంకా పలకలేదు.

నేను బయల్దేరేటప్పుడు నూకాలు వరండాలోనే ఉంది. "పేరు దొరికినాది గదా బాబూ?" అంది. దొరికిందన్నాను. గంట ఎందుకు పట్టిందో ఆవిడ అడగలేదు.