మూడో దువా

అమ్మీకి,

అస్సలాము అలైకుమ్. ఇక్కడ నేను, అబ్బా, నీ కుట్టుమిషను ముగ్గురం క్షేమం. రోజూ తుడవమన్నావు కాబట్టి ముగ్గురిలోకీ మిషనే శుభ్రంగా ఉంది. అక్కడ నువ్వు, ఆపా, నన్ను పిన్నిని చేసిన పసిపాప కులాసాగా ఉన్నారని తలుస్తాను. పాప తుమ్మేటప్పుడు ముక్కు అచ్చం నాలాగే ముడుస్తోందని రాశావు. ముక్కుతోపాటు నా నోరు కూడా వచ్చిందేమో చూడు. వస్తే ఆపాని ఇప్పటినుంచే ఓదారుస్తూ ఉండు.

నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నాయి. వరసగా చెప్తాను.

అబ్బా వేళకు తింటున్నారా అని మొదటిది. తింటున్నారు. వంట నాది కాబట్టి వేళకు ఓర్చుకుంటున్నారు అనడం న్యాయం. మొన్న కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. ఆయన రెండు గ్లాసుల నీళ్ళు తాగి, మూడోది నింపి నా ముందు పెట్టి లేచారు.

నా పరీక్షలు ఎలా రాశానని రెండోది. బాగానే రాశాను. హాలు గుమ్మం దగ్గర ఆగి "రబ్బి జిద్నీ ఇల్మా" అనుకునే లోపలికి వెళ్ళాను. ప్రభూ, నా జ్ఞానం పెంచమని అర్థమని ఇప్పుడు తెలుసులే. ఐదేళ్ళప్పుడు జిద్నీ అంటే జిద్దు అనుకుని, రోజూ పొద్దున్నే దేవుణ్ణి మొండితనం అడిగేదాన్ని కదా. "అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చాడు, ఇక ఆపవే" అని నువ్వు తల పట్టుకున్నావు. ఆ రోజునుంచి ఇంట్లో నా పేరే జిద్దు అయిపోయింది.

మూడో ప్రశ్న దగ్గరే చిక్కు. పరీక్షల కోసం నువ్వు మూడు ప్రార్థనలు రాసిచ్చిన దువాల కాగితం అద్దానికే ఉందా, ఎప్పటిలా పారేసుకున్నానా అని అడిగావు. అద్దానికి లేదు. పోనూ లేదు. ఈ సంగతి ఫోన్లో చెప్పడానికి కుదరదు. నేను ఫోన్ పట్టుకుంటే అబ్బా పక్కనే కుర్చీ వేసుకుని నీ గొంతు వింటారని నీకు తెలుసు. అందుకే నిమ్మళంగా కూర్చుని రాస్తున్నాను. పాపని ఆపాకిచ్చి నువ్వూ కూర్చుని చదువు.

నువ్వు వెళ్ళిన రెండో వారంలో అద్దం మీద కాగితం మాయమైంది. పుస్తకాలన్నీ దులిపాను, మంచం కింద దూరాను. చివరికి అబ్బా డ్యూటీ చొక్కా ఉతుకుదామని జేబులు తడిమితే దొరికింది. నాలుగు మడతలు పెట్టి ఉంది. విప్పి చూశాను. జ్ఞానం పెంచమనే మొదటి దువా నువ్వు రాసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. కష్టమైనదాన్ని తేలిక చెయ్యమనే రెండోదీ అంతే. మూడోదాని చుట్టూ మాత్రం గ్రీజు వేలిముద్రలు. అక్షరాలు కూడా సరిగా కనిపించడం లేదు.

మూసా ప్రవక్త ఫిరౌన్ రాజు ముందుకు వెళ్ళబోతూ చేసిన దువా అది. నా గుండెను విశాలం చెయ్యి, నా పని తేలిక చెయ్యి, నా నాలుక ముడి విప్పు, నా మాట వాళ్ళకు అర్థమయ్యేలా. నువ్వు అది నాకెందుకు రాశావో నాకప్పుడే అర్థం కాలేదు. నా నాలుకకు ముడి వెయ్యమని కదా నువ్వు ఎప్పుడూ కోరుకునేది.

సాయంత్రం అబ్బా రాగానే కాగితం ముందు పెట్టాను.

"పరీక్ష నాది. దువా మీ జేబులో ఉందేంటి?"

ఆయన కాళ్ళు కడుక్కున్నారు. తువ్వాలు వెతుక్కున్నారు. తువ్వాలు భుజం మీదే ఉంది.

"నా... నాక్కూడా ఉంది" అన్నారు.

"ఏముంది?"

"ప... ప... పరీక్ష."

సంగతి ఇది. ఇకమీదట సర్టిఫికెట్ లేని మెకానిక్కులెవరూ లిఫ్టు మీద చెయ్యి వెయ్యకూడదని వాళ్ళ కంపెనీలో కొత్త నియమం వచ్చింది. రాత పరీక్ష ఒకటి, నోటి పరీక్ష ఒకటి. తప్పితే స్టోరు గదిలో కూర్చుని బోల్టులు అందించాలి. ఇరవై ఆరేళ్ళుగా శబ్దం విని లిఫ్టు రోగం చెప్పే మనిషి. రాత పరీక్ష నువ్వు ఉండగానే నెగ్గారట, నాకూ నీకూ చెప్పలేదు. నోటి పరీక్షకి మూడు వారాలుంది. "మీ అమ్మీకి చెప్పకు. పాపతో సంతోషంగా ఉంది" అన్నారు. నేను ఒట్టు పెట్టలేదు, తల ఊపానంతే. ఆ తేడా గుర్తుంచుకో.

మర్నాటినుంచి వంటింట్లో శిక్షణ. ఎత్తు స్టూలు మీద నీ కళ్ళజోడు పెట్టుకుని నేను ఎగ్జామినర్ని. అబ్బా చేతులు కట్టుకుని నిలబడేవారు. గరిటె, దారం ఉండ ఇస్తే లిఫ్టు బ్రేకు ఎలా పనిచేస్తుందో క్షణంలో చూపించేవారు. "చూపించడం కాదు, చెప్పండి" అంటే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేవారు. మెడ నరం లేచేది. నేను కళ్ళజోడు తుడుచుకుంటున్నట్టు నటించేదాన్ని.

ఒక ప్రశ్న మాత్రం అసలు దాటేవారు కాదు. లిఫ్టు మధ్యలో ఆగింది, లోపల మనుషులున్నారు, మొదట ఏం చేస్తారు? పుస్తకం ప్రకారం మొదట లోపలివాళ్ళతో మాట్లాడి ధైర్యం చెప్పాలి. మెయిన్ స్విచ్ ఆపడం ఆ తర్వాతే.

"మరి ఇన్నాళ్ళూ ఏం చేశారు అబ్బా?"

"త... తలుపు మీద తట్టేవాణ్ణి. వాళ్ళూ తట్టేవాళ్ళు. బ... బతికున్నారని తెలిసేది."

"వాళ్ళకి మీరు దెయ్యమో మనిషో ఎలా తెలిసేది?"

చాలాసేపు నవ్వారు. నవ్వులో నత్తి ఉండదు, గమనించావా?

ఇంకొకటి కూడా గమనించాను. పొద్దున్నే ఫజర్ నమాజ్ అయ్యాక ఆయన జానమాజ్ చాప మడవకుండా కూర్చుని మూడో దువా చదువుతున్నారు. నేను పళ్ళు తోముకుంటూ గుమ్మం దగ్గర ఆగిపోయాను. "వహ్‌లుల్ ఉఖ్దతమ్ మిల్లిసానీ" అనే నాలుక ముడి ముక్క, నాలాంటి వాగుడుకాయకే నోరు తిరగని మాట, ఎక్కడా తగలకుండా, నీళ్ళు పోసినట్టు సాగిపోయింది.

"పరీక్షలో ముందు ఇది మనసులో అనుకుని, ఆ ఊపులోనే జవాబు చెప్పండి" అన్నాను.

"మ... మనసులో అంటే జవాబు కూడా మనసులోనే ఉండిపోతుంది" అన్నారు.

పోయిన సోమవారం పరీక్ష. నేనూ వెళ్ళాను. వరండాలో బెంచీ, గాలి కోసం తెరిచిపెట్టిన తలుపు, లోపల బట్టతల ఎగ్జామినర్, ఆయన ముందు చల్లారిన టీ. అబ్బా ఇస్త్రీ చొక్కా వీపు ఒక్కటే నాకు కనిపిస్తోంది. మొదటి ప్రశ్న ఏమిటనుకున్నావు? లిఫ్టు మధ్యలో ఆగింది, లోపల మనుషులున్నారు.

చొక్కా వీపు బిగుసుకుంది. బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాను. అప్పుడు అబ్బా పైకి, స్పష్టంగా, "రబ్బిష్‌రహ్‌లీ సద్రీ" అని మూడో దువా మొదలుపెట్టి చివరిదాకా చదివి, ఊపిరి తీసుకోకుండా "భయపడకండి, నేను మెకానిక్‌ని, బయటే ఉన్నాను, తలుపు బలవంతంగా తెరవకండి అని లోపలివాళ్ళకి చెప్తాను సార్" అన్నారు.

ఎగ్జామినర్ పెన్ను కింద పెట్టాడు. "మొదట చదివింది లోపలివాళ్ళ కోసమా?"

"నా కోసం సార్. నా మాట బయటికొస్తేనే కదా వాళ్ళు బయటికొచ్చేది."

"మెయిన్ స్విచ్?"

"అది మూ... మూడోది సార్. దువా, మాట, ఆ తర్వాత స్విచ్."

ఆ తర్వాత పదకొండు ప్రశ్నలు. ఐదు జవాబుల దగ్గర తడబడ్డారు, రెండుసార్లు దువా మళ్ళీ మొదటినుంచి చదివారు. ఎగ్జామినర్ తొందరపెట్టలేదు, చల్లారిన టీ గుక్క గుక్కగా తాగాడు. చివర్లో "నేనుండేది ఎనిమిదో అంతస్తు. ఇరుక్కుంటే మీకే కబురు పెడతాను" అన్నాడు. దానికి అబ్బా ఏమన్నారో తెలుసా? "మె... మెట్లు ఎక్కండి సార్, ఒంటికి మంచిది."

ఫలితం గంట తర్వాతన్నారు. ఇప్పుడు నీకు నేను చెప్పాల్సింది ఉంది. చెప్పకుండా పన్నెండేళ్ళు గడిపాను. స్కూల్లో తల్లిదండ్రుల్ని పిలిచినప్పుడల్లా, తల్లులు మాత్రమే రావాలన్నారని అబ్బాతో చెప్పేదాన్ని. అబ్బాకి డ్యూటీ అని నీతో చెప్పేదాన్ని. ఆయన టీచరు ముందు నత్తితో మాట్లాడితే పిల్లలు వింటారని నా భయం. మాటకు పుట్టెడు సమాధానాలు చెప్పే నేను, ఈ ఒక్క మాట మీ ఇద్దరికీ చెప్పలేకపోయాను.

ఆ బెంచీ మీద ఆయనకు చెప్పేశాను. చెప్తుంటే నాకే నత్తి వచ్చింది. అబ్బా కాసేపు తన చెప్పులు చూసుకున్నారు.

"తెలుసు" అన్నారు. "మీ స్కూల్ లిఫ్టు కూడా నేనే చూసేవాణ్ణి. ఆరో తరగతప్పుడు ఒ... ఒకసారి మీటింగు రోజే పని పడింది. నాన్నలందరూ వచ్చారు. పైన మెషిన్ రూమ్ కిటికీలోంచి చూశాను. మీ అమ్మీకి కొత్త చెప్పులు కరుస్తున్నాయి, కుంటుతోంది. నువ్వు అమ్మీ చెయ్యి పట్టుకున్నావు. అందరూ వెళ్ళాకే కిందికి దిగాను."

"కోపం రాలేదా?"

"వచ్చింది. చ... చెప్పేలోపు పోయింది."

అమ్మీ, నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలీదు. అదే సమయానికి పేరు పిలిచారు. నెగ్గారు. సర్టిఫికెట్ ఇప్పుడు అద్దానికి ఉంది, నీ కాగితం ఉన్నచోట. కాగితం మాత్రం జేబు దిగలేదు.

ఇదంతా నీకు తెలియనట్టే ఉండాలి. ఎందుకంటే అబ్బా ఆ కబురు నీకు తనే చెప్తారట, ఫోన్లో. అవును, ఫోన్లోనే. పెళ్ళైన కొత్తలో నువ్వు పుట్టింట్లో నానీ దగ్గర ఉండగా ఆయన ఫోన్ చేస్తే, మాట పెగలక ఊపిరి మాత్రమే వినిపిస్తే, ఎవడో పోకిరి అనుకుని నువ్వే తిట్టి పెట్టేశావట కదా. ఆ తర్వాత ఆయన ఫోన్ ముట్టుకోలేదని, మన ఇంట్లో ఉత్తరాలు అందుకే బతికున్నాయని నువ్వే చెప్పావు. ఈ ఉత్తరం గురువారానికి చేరుతుందని పోస్టాఫీసు ఆవిడ మాటిచ్చింది. ఫోన్ శుక్రవారం సాయంత్రం వస్తుంది. ఎత్తాక తొందరపడకు. ముందు కాసేపు ఊపిరి వినిపిస్తుంది, తర్వాత దువా. దువా అయ్యేదాకా పెట్టెయ్యకు. ఆ తర్వాత వచ్చేది అబ్బా గొంతే.

ఆపాకి సలాములు, పాప ముక్కుకి ముద్దులు.

ఇట్లు,
అడిగినదానికంటే ఎక్కువే దొరికిన నీ కూతురు,
జిద్దు