లోపలి కుట్టు

రూతూ,

ఆ ఉదయం నాచారం చెరువు గట్టున నడిచొచ్చి, ఒక జొన్నరొట్టె, గిన్నెడు పాలకూర పప్పు తిని, పాత పట్టు జాకెట్ తొడుక్కున్నావు. భుజాల మీద నిలవలేదు. "అక్కా, లోపల ఇంకో కుట్టెయ్యాలె!" అని చిన్నపిల్లలా గంతులేశావు. ఏడాదిన్నరగా అన్నం తగ్గించి, కూర పెంచి, రోజూ నడిచినందుకు దక్కిన కుట్టు అది.

నీ భర్త ఫోన్‌లోంచి తలెత్తలేదు. "డ్రమ్ము జర సన్నబడ్డది. మల్ల ఉబ్బుతది తియ్యి" అన్నాడు. నువ్వు నవ్వేసి, ఆ వారమే జాకెట్లన్నీ బిగించి కుట్టుకున్నావు.

ఆ వానాకాలమే జ్వరం నిన్ను తీసుకుపోయింది.

ఈరోజు నీ జ్ఞాపకార్థ కూడిక జరిగింది. ప్రార్థన, భోజనాలు అయ్యాక, అతనికి పీర్జాదిగూడలో కుదిరిన సంబంధం మాట వచ్చింది. ఆమె ఒకప్పటి నీ అంత లావు.

"జర నిండుగుంటేనే ఇంటికి కళ, వదినా" అన్నాడు నాతో. నేను బైబిలు మూసి ఒళ్లో పెట్టుకున్నాను.

మీ అత్త నీ బీరువా తెరిచింది. "జాకెట్లన్ని కొత్తగనే ఉన్నయ్. కుట్లిప్పితే గా పిల్లకు సరిపోతయ్."

సాయంత్రం అందరూ కలిసి అదే ఖాయం చేశారు. గుడ్డ చిరగకుండా విప్పే చెయ్యి నాదేనని, ఆ పని నాకు అప్పజెప్పారు.